సౌర విస్ఫోటనాల్లో దూసుకొచ్చే హీలియం ఎక్కడిది? తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో ఒక ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం చెబుతాను. నెలకు ఒక ఆదివారం మా బడి ఆవరణలో టెలిస్కోపు పెట్టి, సూర్యుడి బింబాన్ని తెల్ల అట్ట మీద పడేలా చేసి పిల్లలకు మచ్చలు చూపిస్తాం. 2024 మే నెలలో సౌర విస్ఫోటనాల వల్ల లదాఖ్ ఆకాశం ఎర్రబడిన ఫొటోలు ఫోన్లలో తిరిగిన తర్వాత పిల్లలతో పాటు తల్లిదండ్రులు కూడా రావడం మొదలుపెట్టారు. అనంతపురం, కడప నుంచి తోటి ఉపాధ్యాయులూ ప్రశ్నలు పంపుతున్నారు. మళ్ళీ మళ్ళీ వచ్చేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

హీలియం అంటే బెలూన్లలో నింపే వాయువే కదా? దానికీ సూర్యుడికీ ఏమిటి సంబంధం?

మూలకం అదే. దాన్ని మనిషి మొదట గుర్తించింది సూర్యుడిలోనే, అదీ మన తెలుగు నేల మీద జరిగిన పరిశీలనల దగ్గర మొదలైన కథ. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులతో సిద్ధంగా ఉన్నారు. సూర్యుడి అంచున లేచే జ్వాలాశిఖల వెలుగులో ఒక పసుపు గీత కనిపించింది. సోడియం గీతకు దగ్గరగానే ఉంది, కానీ సరిగ్గా అక్కడ లేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళ శాస్త్రజ్ఞుడు లాకియర్ ఆ తేడాను నిలకడగా కొలిచాడు. గ్రీకు భాషలో సూర్యుడి పేరు హీలియోస్ కనుక కొత్త మూలకానికి హీలియం అని పేరు వచ్చింది. భూమి మీద అది రసాయన శాస్త్రజ్ఞుడు రామ్సే చేతికి చిక్కింది 1895లో, ఒక యురేనియం ఖనిజంలో.

సూర్యుడి ద్రవ్యరాశిలో దాదాపు నాలుగో వంతు హీలియమే. మన బెలూన్‌లో ఉన్నది మాత్రం సూర్యుడి నుంచి వచ్చింది కాదు. భూమి లోపలి యురేనియం, థోరియం కోట్ల ఏళ్ళుగా విచ్ఛిన్నమవుతూ వదిలినదే రాళ్ళ కింద పేరుకుపోయింది. పేరు ఒకటే, పుట్టుక వేరు. ఈ పేజీలో మిగతాదంతా ఈ పుట్టుక గురించే.

అయాన్ అంటే ఏమిటి?

ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువు. హీలియం కేంద్రకం చుట్టూ రెండు ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఒకటి పోతే ఒంటి ఆవేశం, రెండూ పోతే జంట ఆవేశం. రెండూ పోగా మిగిలే ఉత్త కేంద్రకమే పాఠ్యపుస్తకాల్లోని ఆల్ఫా కణం. ఒంటి, జంట అనే ఈ తేడాను గుర్తుంచుకోండి. కింద అన్ని జవాబులకూ అదే ఆధారం.

శక్తిమంతమైన అయాన్ అంటే ఎంత వేగం?

సూర్యుడి నుంచి వెలుతురు మనకు చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే ఆవేశిత కణాల ప్రవాహం, అంటే సౌర పవనం, సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు వస్తుంది, అంటే నాలుగు రోజులకు పైగా ప్రయాణం. సెకనుకు 1,000 కిలోమీటర్లతో బయలుదేరిన పెద్ద సౌర విస్ఫోటనపు మేఘం ఆ వేగాన్నే నిలబెట్టుకుంటే 42 గంటల్లో వస్తుంది. ఇప్పుడు మనం మాట్లాడే హీలియం అయాన్లను చూడండి. ఒక్కో న్యూక్లియాన్‌కు (కేంద్రకంలోని ప్రోటాన్‌కు లేదా న్యూట్రాన్‌కు) పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తిని కొలిచే ప్రమాణం), అంటే 1 ఎంఈవీ శక్తి ఉన్న అయాన్ సెకనుకు సుమారు 13,900 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. అయస్కాంత రేఖలు సూర్యుడి భ్రమణం వల్ల వంపు తిరిగి ఉంటాయి కనుక దాని దారి కొంచెం పొడవు. అయినా మూడున్నర గంటల్లో భూమి దగ్గర ఉంటుంది. ఉదయం ఏడుకు సూర్యుడి దగ్గర బయలుదేరితే బడిలో మూడో పీరియడ్ అయ్యేసరికి వచ్చేసినట్టే.

అలాంటి కణాన్ని కంటితో చూడగలమా?

కణాన్ని చూడలేం, అది వేసిన బాటను చూడగలం. మా బడిలో ఏడాదికి ఒకసారి మేఘపేటిక చేస్తాం. ఒక చిన్న గాజు తొట్టి, పైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దళసరి గుడ్డ, అడుగున నల్లటి రేకు, దాని కింద పొడి మంచు. పక్క నుంచి టార్చి వెలుతురు. లోపల పాత పెట్రోమాక్స్ దీపపు మ్యాంటిల్ ముక్క ఒకటి. పెళ్ళి ఊరేగింపుల్లో తలల మీద మోసిన ఆ దీపాల మ్యాంటిళ్ళలో థోరియం ఉండేది. పది నిమిషాలు ఓపిక పడితే అడుగున పలుచటి పొగమంచు పొర ఏర్పడుతుంది. అప్పుడు ముక్క పక్కన ఉన్నట్టుండి ఒక తెల్లటి గీత పడుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, దూదిపోగులా బొద్దుగా, సూటిగా ఉంటుంది. రెండు సెకన్లలో చెదిరిపోతుంది. ఆ వెంటనే ఇంకొకటి.

ఆ గీతను గీసింది హీలియం కేంద్రకం. థోరియం వదిలే ఆల్ఫా శక్తి సుమారు 4 ఎంఈవీ. నాలుగు న్యూక్లియాన్లకు పంచితే ఒక్కోదానికి 1 ఎంఈవీ. సూర్యుడి విస్ఫోటనంలో వచ్చేదానితో సరిసమానం. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం ఖనిజంలో పుట్టే ఆల్ఫా కూడా దాదాపు ఇంతే, 4.2 ఎంఈవీ. ఒక కాగితం అడ్డం పెడితే ఆగిపోతుంది.

ఒక హెచ్చరిక: మ్యాంటిల్‌ను చేత్తో నలపకండి, దాని పొడి పీల్చకండి. పట్టకారుతో ఉపాధ్యాయులే పెట్టాలి.

పోయిన ఏడాది ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ గీతను చూసి, “ఇది సూర్యుడిలోంచి వచ్చినది కాదని మనకెలా తెలుస్తుంది సార్?” అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! గీతను మాత్రమే చూస్తే తెలియదు. ఇక్కడ మ్యాంటిల్ తీసేస్తే గీతలు ఆగిపోతాయి కనుక తెలిసింది. అంతరిక్షంలో తీసి చూడటానికి మ్యాంటిల్ ఉండదు. అక్కడ పుట్టుక చెప్పాలంటే కణం తన ఒంటి మీద మోసుకొచ్చిన గుర్తులే దిక్కు.

సౌర విస్ఫోటనం అంటే సౌర జ్వాలేనా?

రెండు రకాలను కలిపి అలా అంటారు. సూర్యుడి మచ్చల దగ్గర మెలిపడిన అయస్కాంత రేఖలు తెగి, వేరేగా అతుక్కున్నప్పుడు ఒక్కసారిగా వెలువడే కాంతి, ఎక్స్-కిరణాలు సౌర జ్వాల. సూర్యుడి బాహ్య వాతావరణమైన కరోనాలోని ద్రవ్యం అయస్కాంత క్షేత్రంతో సహా ముద్దగా ఎగిరిపోతే అది కరోనల్ మాస్ ఎజెక్షన్, పొట్టిగా సీఎంఈ. పెద్ద సంఘటనల్లో రెండూ కలిసే జరుగుతాయి. హీలియానికి ఊపునిచ్చే పద్ధతి మాత్రం రెండింటిలో వేరు. జ్వాల దగ్గర అది మచ్చల పక్కనే, కొద్ది నిమిషాల్లో జరిగిపోతుంది. సీఎంఈ విషయంలో దాని ముందు పుట్టే అఘాత తరంగం (షాక్ వేవ్) రోజుల తరబడి, కోట్ల కిలోమీటర్ల పొడవునా ఆ పని చేస్తూ పోతుంది.

అసలు ప్రశ్న: విస్ఫోటనంలో వచ్చిన హీలియం సూర్యుడిదే కదా?

అన్నీ కాదు. పిల్లలకు ఈ ఒక్కటి చెప్పగలిగితే చాలని నాకు అనిపిస్తుంది. సూర్యుడు ఊపునిచ్చిన కణాలన్నీ సూర్యుడిలో పుట్టినవి కావు.

జంట ఆవేశం ఉన్న హీలియంలో ఎక్కువ భాగం సూర్యుడిదే. కరోనా ఉష్ణోగ్రత పది, ఇరవై లక్షల డిగ్రీలు. హీలియం నుంచి మొదటి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండోదానికి 54.4 కావాలి. అంత వేడిలో రెండూ నిలవవు. పైకి లేచేకొద్దీ వాయువు పలుచబడి కణాలు ఒకదానితో ఒకటి ఢీకొనడం దాదాపు ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆవేశం మారదు. పుట్టినచోటి వేడి ఆ అయాన్ మీద ముద్రలా నిలిచిపోతుంది. అందుకే మామూలు సౌర పవనంలో ఒంటి ఆవేశపు హీలియం వెయ్యికి ఒకటి కూడా కనిపించడం కష్టం.

అలాంటిది, 1978లో పంపిన ఐఎస్ఈఈ-3 వ్యోమనౌక సౌర విస్ఫోటనాల తర్వాత వచ్చిన శక్తిమంతమైన అయాన్లను లెక్కపెడితే, అందులో ఒంటి ఆవేశపు హీలియం నూటికి కొన్ని చొప్పున, కొన్నిసార్లు పదికి మించి కనిపించింది. లక్షల డిగ్రీల కొలిమి మీదుగా వచ్చిన కణం ఒక ఎలక్ట్రాన్‌ను ఎలా కాపాడుకుంది? మండుతున్న ఇంట్లోంచి తడి బట్టలతో నడిచి వచ్చినవాణ్ణి చూస్తే ఏమనుకుంటాం? ఇతను ఆ ఇంట్లో లేడు, లేదా ఆ ఇంట్లో మంట తగలని చల్లని మూల ఒకటి ఉంది. శాస్త్రజ్ఞులు ముందు చల్లని మూల వైపే మొగ్గారు. 1981లో ఆ ఫలితాలు వెలువడినప్పుడు, సూర్యుడి మీదే ఉన్న చల్లటి ద్రవ్యం జ్వాలలో కలిసి ఎగిరిందని అనుకున్నారు. ఆ కణం బయటి నుంచి వచ్చిందన్న రెండో దారికి సాక్ష్యం అప్పటికి చేతిలో లేదు.

ఆ రెండో దారి ఏమిటి? బయటి నుంచి హీలియం ఎలా వస్తుంది?

మన సౌర కుటుంబం నక్షత్రాల మధ్యనున్న పలుచటి వాయువులో సెకనుకు సుమారు 26 కిలోమీటర్ల వేగంతో సాగిపోతోంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మొహానికి గాలి కొట్టినట్టు ఆ వాయువు మన వైపు వీస్తుంది. మనకు అది వృశ్చిక రాశికి ఉత్తరం వైపు నుంచి వస్తున్నట్టు ఉంటుంది. ఎంత పలుచన అంటే, ఒక స్టీలు గ్లాసు పట్టేంత జాగాలో మూడే మూడు హీలియం పరమాణువులు. అవి అయాన్లు కావు, ఆవేశం లేని పరమాణువులు కనుక సూర్యుడి అయస్కాంత క్షేత్రం వాటిని ఆపలేదు. అదే గాలిలో వచ్చే హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం దూరంలోనే ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటుంది. హీలియం తన ఎలక్ట్రాన్‌ను గట్టిగా పట్టుకుంటుంది కనుక భూమి కక్ష్యను దాటి లోపలికి కూడా రాగలుగుతుంది.

చివరికి సూర్యుడి తీవ్ర అతినీలలోహిత కిరణం ఒకటి తగిలి ఒక ఎలక్ట్రాన్ పోతుంది. ఒక్కటే. అది ఒంటి ఆవేశపు అయాన్ అయిన క్షణంలోనే సౌర పవనంతో వచ్చే అయస్కాంత క్షేత్రం దాన్ని పట్టి తనతో లాక్కుపోతుంది. దారిలో ఎక్కించుకున్నవి కనుక వీటిని పికప్ అయాన్లు అంటారు. 1984లో ప్రయోగించిన ఆంప్టీ ఉపగ్రహంతో ఎబర్‌హార్డ్ మోబియస్ బృందం వీటిని మొదటిసారి నేరుగా గుర్తించింది. తడి బట్టల మనిషి ఆ ఇంటివాడు కాకపోవచ్చునని అప్పుడు తెలిసింది.

పట్టుకున్నంత మాత్రాన అంత శక్తి ఎలా వస్తుంది?

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

అఘాత తరంగం వెనుక అయస్కాంత రేఖలు చిక్కుపడి ఉంటాయి. ముందుకు దూసుకొచ్చే బ్యాటుకు తగిలిన బంతి వచ్చినదానికన్నా వేగంగా వెనక్కి పోతుంది కదా. తరంగానికి తగిలిన అయాన్ కూడా అలాగే కొంత వేగం పుంజుకుని ముందుకు పోతుంది. ముందున్న చిన్న చిన్న అలలు దాన్ని తిప్పి పంపితే మళ్ళీ తగులుతుంది, మళ్ళీ పుంజుకుంటుంది. ఇలా ఎన్నిసార్లు తరంగాన్ని అటూ ఇటూ దాటితే అంత శక్తి. అయితే మొదటిసారి వెనక్కి దాటాలంటేనే కొంత వేగం ముందే ఉండాలి. నింపాదిగా కొట్టుకొచ్చే సౌర పవనపు కణాలను తరంగం తొక్కుకుంటూ పోతుంది. పరుగు మీద ఉన్నవాడే కదిలే బస్సు కమ్మీని అందుకోగలడు.

పికప్ అయాన్లు ఇప్పటికే పరుగు మీద ఉన్నవి. క్షేత్రం పట్టుకున్నప్పుడు అవి సుడులు తిరుగుతాయి. ఆ తిరుగుడులో వాటి వేగం సున్నా నుంచి సౌర పవనానికి రెండింతల వరకు ఉంటుంది. రెండింతల వేగం అంటే నాలుగింతల శక్తి. అందుకే అఘాత తరంగానికి ఇవి సులభంగా అందుతాయి. సంఖ్యలో ఎంతో తక్కువైనా, శక్తి పుంజుకున్న కణాల్లో వీటి వాటా పెరిగిపోతుంది.

ఇలా ముందే సిద్ధంగా ఉన్నవాటిని విత్తన కణాలు అంటారు. అనంతపురం రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. వేరుశనగ పంట ఎంత అన్నది వానను బట్టి ఉంటుంది, పండేది ఏ రకం అన్నది మాత్రం నాటిన విత్తనమే నిర్ణయిస్తుంది. విస్ఫోటనం వాన లాంటిది. ఏ అయాన్లు వస్తాయో దాని దారిలో ముందే చల్లి ఉన్న విత్తనాలు చెబుతాయి. 1997లో పంపిన ఏస్ వ్యోమనౌక కొలతలను ఏళ్ళ తరబడి పోల్చి చూసినప్పుడు, భూమి దగ్గరి అఘాత తరంగాల్లో కనిపించే ఒంటి ఆవేశపు శక్తిమంతమైన హీలియానికి ప్రధాన మూలం ఈ బయటి హీలియమేనని తేలింది.

అయితే సూర్యుడి మీది చల్లని మూల అన్నది తప్పా?

తప్పు కాదు, అరుదు. సూర్యుడి అంచున తోరణాల్లా వేలాడే జ్వాలాశిఖల వేడి పదివేల డిగ్రీలకు లోపే. కరోనా మధ్యలో అవి చల్లని తావులు. అవి పగిలి సీఎంఈతో పాటు ఎగిరితే, అందులోని ఒంటి ఆవేశపు హీలియం కొన్నిసార్లు పూర్తిగా వేడెక్కకుండానే భూమి దాకా వస్తుంది. 1998 మే 2, 3 తేదీల్లో ఏస్ వ్యోమనౌక ఒక సీఎంఈ లోపల చాలా గంటల పాటు ఇలాంటి హీలియాన్ని చూసింది. దీన్ని పికప్ అయాన్ల నుంచి విడదీయడం సులభమే. శిఖలోంచి వచ్చినది చుట్టూ ఉన్న పవనంతో సమాన వేగంతో గుంపుగా కదులుతుంది. పికప్ అయాన్ల వేగాలు సున్నా నుంచి రెండింతల దాకా పరుచుకుని ఉంటాయి.

హీలియం-3 గురించి ఎందుకంత చర్చ?

మామూలు హీలియంలో రెండు న్యూట్రాన్లు, దీనిలో ఒకటే. సౌర పవనంలో పదివేల హీలియం కేంద్రకాలకు నాలుగైదే ఇవి. కానీ కొన్ని చిన్న జ్వాలల తర్వాత వచ్చే కణాల్లో హీలియం-3 మామూలు హీలియంతో సమానంగా, ఒక్కోసారి మించి ఉంటుంది. ఈ అసాధారణ పెరుగుదల 1970 నాటికే తెలుసు.

కారణం అనునాదం. అయస్కాంత క్షేత్రంలో అయాన్ ఎంత త్వరగా చుట్టు తిరుగుతుందన్నది దాని ఆవేశాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే వస్తుంది. ప్రోటాన్‌కు 1, మామూలు హీలియానికి సగం, హీలియం-3కి మూడింట రెండు. ఆ మధ్య పౌనఃపున్యంలో తిరిగేవి దాదాపు ఇంకేవీ లేవు. జ్వాలలోని ఎలక్ట్రాన్ ధారలు అక్కడ తరంగాలు లేపితే, వాటి శక్తి పంచుకునేవాళ్ళు లేక అంతా హీలియం-3కే అందుతుంది. ఉయ్యాల లయకు సరిగ్గా కలిసిన తోపు దాన్ని ఎంత ఎత్తుకు లేపుతుందో ఊహించుకోండి. కనుక హీలియం-3 ఎక్కువగా వచ్చిందంటే ఆ కణాలు జ్వాల దగ్గరే ఊపు అందుకున్నాయని గట్టి సాక్ష్యం.

ఆవేశం ఒకటా రెండా అని పరికరం ఎలా చెబుతుంది?

మూడు కొలతలతో. విద్యుత్ క్షేత్రంలో అయాన్ ఎంత వంగిందన్నది శక్తిని ఆవేశంతో భాగించిన విలువను ఇస్తుంది. పలుచటి కార్బన్ పొరను దాటి నిర్ణీత దూరం పోవడానికి పట్టిన సమయం వేగాన్ని ఇస్తుంది. చివర సిలికాన్ డిటెక్టర్‌లో ఆగినప్పుడు మొత్తం శక్తి తెలుస్తుంది. శక్తి, వేగం తెలిస్తే ద్రవ్యరాశి వస్తుంది. శక్తి, వంపు తెలిస్తే ఆవేశం. పదో తరగతి గణితం చాలు.

మన ఆదిత్య-ఎల్1 ఇందులో ఏమి చేస్తోంది?

శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న పీఎస్ఎల్‌వీ-సీ57 మీద బయలుదేరి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 బిందువు చుట్టూ కక్ష్యలో చేరింది. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల తయారు చేసిన ఆస్పెక్స్ అనే పరికరం అందులో ఉంది. దానిలో స్విస్ అనే భాగం సౌర పవనంలోని ప్రోటాన్లను, ఆల్ఫాలను వేరు చేస్తుంది. స్టెప్స్ అనే భాగం ఎక్కువ శక్తి ఉన్నవాటిని వేర్వేరు దిశల నుంచి లెక్కిస్తుంది. ప్రోటాన్లతో పోలిస్తే ఆల్ఫాల వాటా మామూలుగా నూటికి నాలుగు వరకు ఉండేది, సీఎంఈ వచ్చినప్పుడు ఎనిమిదికి పైగా లేవవచ్చు. వచ్చింది సీఎంఈయేనని గుర్తుపట్టడానికి అదొక మంచి ఆనవాలు.

విస్ఫోటనం జరిగిన రోజు పిల్లలను బయటికి పంపకూడదా? గర్భిణులు జాగ్రత్త పడాలా?

నిశ్చింతగా తిరగవచ్చు. మేఘపేటికలో రెండు మూడు సెంటీమీటర్ల గాలికే ఆగిపోయిన కణం కిలోమీటర్ల మందం వాతావరణాన్ని దాటి రాలేదు. పైగా మనం భూమధ్యరేఖకు దగ్గరలో ఉన్నాం. ఇక్కడ అయస్కాంత రేఖలు దాదాపు అడ్డంగా ఉంటాయి. దక్షిణ భారతంలో నిటారుగా కిందికి దిగాలంటే ప్రోటాన్‌కు సుమారు 1,600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఇబ్బంది పడేది ఉపగ్రహాలు, అంతరిక్షంలోని వ్యోమగాములు.

గని, శకునాల గ్రామాల దగ్గరి సోలార్ పార్కుకు నష్టమా?

లేదు. ఆ 1,000 మెగావాట్ల పలకలు వెలుతురుతో పనిచేస్తాయి, ఈ కణాలు వాటి దాకా రావు. ఉపగ్రహాల రెక్కలకు ఉన్న సౌర పలకలే వీటి తాకిడికి క్రమంగా బలహీనపడతాయి.

మా బడిలో ఏమి చేయవచ్చు?

టెలిస్కోపు లేకపోయినా ఫరవాలేదు. అట్టకు సన్నని బెజ్జం పెట్టి, చీకటి గదిలో గోడ మీద సూర్యబింబం పడేలా చేయండి. పెద్ద మచ్చల గుంపు ఉంటే కనిపిస్తుంది. సూర్యుణ్ణి నేరుగా మాత్రం ఎవరూ చూడకూడదు.

ఇంకొకటి. సూర్యుడి ఆకర్షణ వల్ల, నక్షత్రాల మధ్య నుంచి వచ్చే హీలియం సూర్యుణ్ణి దాటాక వెనుక వైపు ఒక శంకువులా దట్టమవుతుంది. భూమి ఏటా డిసెంబరు మొదటి వారంలో దాని గుండా వెళ్తుంది, అప్పుడు పికప్ హీలియం పెరుగుతుంది. కంటికి ఏమీ కనిపించదు. అయినా ఆ వారం వచ్చే ఆదివారం మా బడిలో మేఘపేటిక పెడతాం. గుడ్డ, టార్చి మేమే తెస్తాం. అనంతపురం, కడప నుంచి వచ్చే ఉపాధ్యాయులు పొడి మంచు ఎంత కావాలో రెండు రోజుల ముందు చెబితే చాలు.